రంపానికి రెండో పిడి

ఇలా రా తల్లీ, ఆ కుర్చీ వదిలేసి నా మంచం మీదికే వచ్చి కూర్చో. గట్టిగా చెబితే అవతలి గదిలో మీ తాతయ్యకి వినబడుతుంది. వినబడితే "మళ్ళీ మొదలెట్టావా" అంటారు. అనరు కూడా, దగ్గుతారు. ఆ దగ్గుకి అర్థం అదే. జరుగు, ఇంకొంచెం దగ్గరికి. ఆఁ, అలా.

మా అన్నయ్యకీ మీ తాతయ్యకీ చెడిన సంగతి చెబుతాను. మళ్ళీ ఎలా కుదిరిందో కూడా చెబుతాను. మధ్యలో ఆవలించావంటే మాత్రం మళ్ళీ మొదటికొస్తాను.

మా అన్నయ్యని ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "స్తోత్రం" అనేవారు. వాన కురిస్తే స్తోత్రం, వెలిస్తే స్తోత్రం. వేలి మీద సుత్తి పడితే ముందు కేక, వెనకాలే స్తోత్రం. ఒకసారి ఎవరో పోయారని కబురు తెస్తే ఆ అలవాటులోనే "స్తోత్రం" అనేసి, పోయినాయన బావమరిది చేతిలో దెబ్బలు తినబోయి తప్పించుకున్నాడు. నవ్వు, నవ్వు, నేనూ నవ్వుతాను. కానీ వాడి భక్తి ఉత్తుత్తి భక్తి కాదు. తెల్లారగానే పనిలో దిగేముందు చెక్కపొట్టులో మోకాళ్ళేసుకునేవాడు. లేచేసరికి పంచె నిండా పొట్టు. దులుపుకోకుండా అలాగే సాయంత్రం దాకా తిరిగేవాడు. దేవుడంటే వాడికి నిజంగా ప్రాణం. ఆ ప్రాణాన్ని అందరికీ తెలియజెయ్యకపోతే మాత్రం ఊపిరాడేది కాదు.

మీ తాతయ్యకీ ఒక పేరుంది. "చూద్దాంలే." ఆదివారం ఆరాధనకి రారాదూ బావా అని అన్నయ్య అడిగితే, "చూద్దాంలే." బాప్తిస్మం తీసుకోరాదూ అంటే, "చూద్దాంలే." కాదని ఎన్నడూ అనలేదు, ఔననీ అనలేదు. దేవుణ్ణి తిట్టిన మనిషీ కాదు, తలుచుకున్న మనిషీ కాదు. పక్క వీధిలో ఉన్న ఆసామి గురించి మాట్లాడుతున్నట్టు వినేవారు.

మరి నమ్మనివాడికి నన్నెలా ఇచ్చారంటావా? ఇచ్చింది అన్నయ్యే. ఇద్దరూ ఒకే షెడ్డులో వడ్రంగం చేసేవారు. "ఇంత చెయ్యి తిరిగినవాడు, ఇంత నెమ్మదస్తుడు, బయటికి పోనిస్తానా" అని పట్టుబట్టాడు. సంఘంలో పెద్దలు అడ్డం చెబితే, "ఏడాది తిరక్కముందే బాప్తిస్మం నీళ్ళలో దించుతాను, పూచీ నాది" అన్నాడు. ఏడాది తిరిగింది. ఇంకో ఏడాదీ తిరిగింది. మీ నాన్న పుట్టి పాకడం మొదలెట్టాడు. మీ తాతయ్య ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఆ షెడ్డు అన్నయ్య ఇంటి వెనకాలే ఉండేది, రేకుల కప్పు. పలకలన్నీ మిల్లులోనే కోసి వచ్చేవి. కాళ్ళకీ దూలాలకీ మాత్రం లావు కర్ర కావాలి. దాన్ని తుంచడానికి మనిషి పొడుగు రంపం ఒకటుండేది, ఆ చివరొక పిడి, ఈ చివరొక పిడి. కర్రని దిమ్మల మీద ఎత్తిపెట్టి, ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు నిలబడాలి. ఆ పనికి సూత్రం ఒకటే. లాగాలి, తొయ్యకూడదు. నీ వంతు లాగేశాక చెయ్యి వదులు చెయ్యాలి, అప్పుడు అవతలివాడు లాక్కుంటాడు. తోశావంటే రంపం వంగుతుంది, కోత వంకర పోతుంది. అన్నయ్య పాట ఎత్తుకునేవాడు, తాతయ్య మాట్లాడకుండా లాగేవారు. వాళ్ళు తుంచిన కర్ర మొదలు చూస్తే కత్తితో వెన్న కోసినట్టుండేది.

అలా జరిగిపోతుండగా సంఘానికి కొత్త హాలు కట్టారు. బల్లలన్నీ అన్నయ్య షెడ్డులోనే చెయ్యాలని తీర్మానించారు. వాడి ఆనందం చూడాలి, పొట్టు దులుపుకోవడం కూడా మొదలెట్టాడు. సరిగ్గా అప్పుడే సువార్త కూటాలు పెట్టించారు. ఎక్కడినుంచో ఒక బోధకుడొచ్చాడు. మండిపోయే ఎండలో కూడా కోటు విప్పడు, అందుకని మేమంతా "కోటు అయ్యగారు" అనుకునేవాళ్ళం. గొప్ప గొంతు. బల్ల గుద్ది చెబితే ముందు వరసలో పసిపిల్లలు ఏడుపందుకునేవారు. ఆ సాయంత్రం ఆయన చెప్పిందల్లా ఒకటే, నమ్మినవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఒకే కాడి కింద మెడ పెట్టకూడదని. అది బైబిలు వాక్యంలో ఉన్న మాటే, కాదనను. అందరం ఆమేన్ అన్నాం. అందరం ఇళ్ళకొచ్చి అన్నాలు తిని పడుకున్నాం. అన్నయ్య మాత్రం పడుకోలేదు.

మర్నాడు షెడ్డులో జరిగింది మా వదిన కిటికీలోంచి విని, మాట పొల్లుపోకుండా నాకు చెప్పింది.

"బావా, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"నొచ్చుకోకు. ప్రేమతోనే చెబుతున్నాను."

"ప్రేమతోనే అంటున్నావంటే పెద్దదే అయ్యుంటుంది. కానియ్."

"నువ్వు నమ్ముకునేదాకా నీతో కలిసి రంపం పట్టలేను. కాడి అంటే ఏంటి బావా, ఇద్దరు కలిసి లాగేదేగా. రంపమూ అదే."

తాతయ్య పిడి వదిలేసి, చేతులు తుడుచుకుంటూ అడిగారట. "మరి చిత్రిక పట్టనా?"

"చిత్రిక ఒక్కడు పట్టేదే. పర్లేదేమో."

"జిగురు?"

"జిగురు ఆరేదాకా చెరోపక్కా అదిమి పట్టుకోవాలిగా. అది కుదరదు."

"మేకులు?"

అన్నయ్య గడ్డం గోక్కున్నాడట. "మేకుల సంగతి అయ్యగారిని అడగాలి."

"అడిగి కబురు చెయ్యి. ఈలోగా ఇంటి దగ్గర ఉంటాను."

కోపం లేదు, తగువు లేదు. ఉలీ చిత్రికా సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశారు. వడ్రంగి ఊరికే ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో నీకు తెలియదు. ముందు వంటింటి తలుపు ఊడదీశారు. ఎందుకండీ అంటే, "కింద ఈడుస్తోంది." తరవాత గది తలుపు. తరవాత వీధి తలుపు. నేను పొయ్యి పక్కన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, కళ్ళు తెరిచేసరికి వీధిలో పోయేవాళ్ళంతా ఇంట్లో ఉన్నట్టే ఉంది. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, "ఏమమ్మా, తలుపులు కూడా దేవుడికి ఇచ్చేసుకున్నారా" అంది.

నవ్వులాట అక్కడితో సరి. ఒకరోజు ఆయన చిత్రిక పడుతూనే చెప్పారు, దూరాన ఇంకో ఊళ్ళో కుర్చీలూ బల్లలూ చేసే పెద్ద కంపెనీ రమ్మందని. కాపురం అక్కడికి మార్చుకోవాలిట.

"ఏమన్నారు?" అన్నాను.

"మీ కొత్త హాలు తెరిచే ఆదివారం దాటాక చెబుతానన్నాను. అది చూడకుండా నువ్వు రాలేవుగా."

చూశావా, నా ఆదివారం ఆయనకి గుర్తుంది. వెళితే నాకు పుట్టిల్లు లేదు, నేను పుట్టి పెరిగిన సంఘం లేదు. వద్దంటే కట్టుకున్నవాడికి పని లేదు. అన్నయ్యా ఆయనా ఒకసారి విడిపోయారంటే మళ్ళీ కలిసే రకం కాదు ఇద్దరూ. ఒకడు దిగడు, ఇంకొకరు అడగరు.

అవతల అన్నయ్య నమ్మినవాళ్ళలోంచి జోడీని వెతుక్కున్నాడు. మొదట పాటల మేస్టారొచ్చాడు. పాట లేకుండా ఆయన చెయ్యాడదు. చరణంలో నెమ్మదిగా, పల్లవికొచ్చేసరికి గబగబా లాగేవాడు. నాలుగు పాటలు పూర్తయ్యేసరికి అరచేతుల నిండా బొబ్బలు, వేళ్ళు మడవలేక హార్మోనియం కూడా మూలనపడింది. తరవాత సాక్ష్యం తాతొచ్చాడు. ఆయన ఒక లాగు లాగి, ఆగి, దేవుడు తన తాగుడు ఎలా మాన్పించాడో సాక్ష్యం చెప్పేవాడు. ఇంకో లాగు లాగి, తాగే రోజుల్లో ఏమేం చేశాడో చెప్పేవాడు. అది మాత్రం వివరంగా, మహా ఇష్టంగా చెప్పేవాడు. వదిన కిటికీ మూసుకోవాల్సొచ్చింది.

మొత్తానికి కొన్ని బల్లలు తయారయ్యాయి. స్త్రీల సమాజం వాళ్ళం చూడ్డానికి వెళ్ళాం. సమాజం పెద్దావిడ మంచి నిండైన మనిషి. వెళ్ళి ఒక చివర కూర్చుంది. ఆ చివర కిందికి దిగి, ఈ చివర కూర్చున్న కోశాధికారి గారి సన్నపాటి కోడలు పైకి లేచి, మెల్లిగా జారుకుంటూ వచ్చి పెద్దావిడ ఒళ్ళో పడింది. రెండో బల్లా అంతే, ఊయలే. మూడోది నిలకడగా ఉందనుకుంటే, కింద ఇటుక పెట్టారు.

"ఇలా కదులుతుంటే ఆరాధనలో నిద్ర రాదు, స్తోత్రం" అన్నాడు అన్నయ్య.

"వాంతొస్తుంది నాయనా" అంది పెద్దావిడ.

వంకర కోతకి కారణమేంటని సంఘంలో చర్చ పెట్టారు. సాతాను పని అని తేల్చారు. ఉపవాసం ఉందామన్నారు. ఒక పూట ఉన్నారు కూడా. సాతాను ఎన్ని పాపాలైనా చేసుండొచ్చు తల్లీ, ఆ షెడ్డులో రంపం పట్టుకోగా మాత్రం ఎవరూ చూడలేదు.

నేను దేవుడి దగ్గరికే వెళ్ళాను. చాలాసేపు అడిగాను. ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు కానీ, లేచేసరికి నా మనసులో ఒక ఆలోచన ఉంది. పెట్టె సర్దాను. మీ నాన్నని చంకనెత్తుకున్నాను.

"కొన్నాళ్ళు మా అన్నయ్య ఇంట్లో ఉంటానండీ" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. ఏం కనిపించిందో ఏమో. "పెట్టె బరువుగా ఉంది, నేను తెస్తాను పద" అన్నారు. మొగుణ్ణి విడిచి వెళుతున్నదాని పెట్టె మొగుడే మోసుకొచ్చి, పుట్టింటి గుమ్మంలో దించి, మీ నాన్న బుగ్గ గిల్లి వెళ్ళిపోయారు. అలాంటి మనిషితో ఎలా వేగను చెప్పు.

అన్నయ్య బయటికొచ్చాడు. "ఏంటే, పెట్టె?"

"వచ్చేశాను అన్నయ్యా."

"ఎక్కడినుంచి?"

"కాడి కిందనుంచి. రంపం పట్టుకుంటేనే కాడి అయితే, మరి కాపురమో? ఒక ఇల్లు, ఒక పొయ్యి, ఒక పిల్లాడు. నువ్వు పిడి వదిలేసి చేతులు కడుక్కున్నావు, నేను ఎక్కడని కడుక్కోను?"

"అది వేరు."

"ఎలా వేరో చెప్పు, వింటాను. నీ మాట వినే కదా పెళ్ళి చేసుకున్నాను."

అన్నయ్య మళ్ళీ గడ్డం గోక్కున్నాడు. "అయ్యగారిని అడగాలి" అన్నాడు. కోటు అయ్యగారు ఇంకో ఊరి కూటాలకి వెళ్ళిపోయారు, ఆదివారానికి గానీ రారు. మా పాస్టరుగారిని అడిగితే ఆయన ఎప్పటిలాగే "ప్రార్థన చేద్దాం" అన్నారు. ఆయన మంచివారు. ఇల్లంటుకుంటోందని చెప్పినా ముందు ఆ మాటే అనేవారు.

వదిన టీ తెచ్చింది. నేను గ్లాసు పుచ్చుకుని, "వదినా, పాలు పోసే మనిషి నమ్మినవాడేనా?" అన్నాను.

వదిన ఒక్క క్షణం నా వంక చూసింది. పెదవి కొరుక్కుంది. "అబ్బే, కాదమ్మాయ్" అంది.

అన్నయ్య గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"తాగు అన్నయ్యా, నీకు పర్లేదేమో. పాలు పితకడం ఒక్కడు చేసేదేగా. కానీ ఆవునీ కలుపుకుంటే ఇద్దరవుతారు. ఆ ఆవు సంగతి మనకి తెలియదు."

గ్లాసు కింద పెట్టేశాడు. మర్నాడు గడ్డం గీయించుకోవడానికి బయల్దేరితే వదిన అడ్డం పడింది. "నమ్మనివాడి చేతికి మెడ అప్పగిస్తారా? మెడ మీద పెడితేనే కదండీ కాడి." గడ్డం పెరిగింది. మిల్లువాడు నమ్మినవాడు కాదని తేలింది. ఆ లెక్కన పలకలన్నీ వెనక్కి పంపాలి. కోటు అయ్యగారు వచ్చిన బస్సు తోలినవాడెవరో, ఆ కోటు కుట్టినవాడెవరో అని కూడా నేను తీరుబడిగా ఆలోచించాను. పైకే ఆలోచించాను.

"నన్ను బతకనివ్వవా తల్లీ" అన్నాడు అన్నయ్య.

"నేనేం చేశాను? నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాను. ఇన్నేళ్ళకి నీ మాట ఒక్క మనిషైనా వింటుంటే సంతోషించాలి గానీ."

ఎగతాళి సరే. కానీ సాయంత్రం ప్రార్థనలో నాకు ఎగతాళి రాలేదు. మీ నాన్న తలుపు వంక చూసి ఏడుస్తున్నాడు. నేను గోడవైపు తిరిగి, "ప్రభువా, ఆయన్ని నీ దగ్గరికి తెచ్చుకో. దానికింకా వేళ కాకపోతే, నన్ను ఆయన దగ్గరికి పంపించు. మా అన్నయ్యకి నువ్వంటే ఉన్న ప్రేమని తీసెయ్యకు, కొంచెం కళ్ళివ్వు" అని అడిగాను. పక్కగదిలో అన్నయ్య చదువుకుంటున్న గొంతు ఆగిపోయింది. విన్నాడన్నమాట.

ఆదివారం దగ్గరికొచ్చేసింది. మేస్టారి చేతులు ఇంకా మానలేదు. సాక్ష్యం తాతని వదినే పంపించేసింది. అన్నయ్య ఒక్కడూ షెడ్డులో కర్ర ముందు నిలబడి ఉన్నాడు. నేను కొంగు బిగించి వెళ్ళాను.

"నేను నమ్మినదాన్నేగా. పిడి ఇలా ఇవ్వు."

"నీకేం తెలుసే?"

"లాగడం తెలియదా? ఈ రెండిళ్ళనీ లాగుతున్నది ఎవరనుకున్నావు?"

పట్టుకున్నాం. వాడు అలవాటు ప్రకారం పాట ఎత్తుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదట బాగానే సాగింది. పాట వేడెక్కింది. నేను లాగిన రంపం నా దగ్గరికి రావడంతో సరిపెట్టుకోవడం లేదు. అవతలినుంచి తోపు. రంపం వంగింది, బిగుసుకుంది.

"నీకు చేతకాదన్నాను కదా" అన్నాడు.

"మళ్ళీ పట్టు."

ఈసారి నేను వేళ్ళు వదిలేశాను. అరచేయి ఊరికే పిడి మీద ఆనించి ఉంచాను. వాడి వంతు లాగాడు, బాగుంది. తరవాత నా వంతు. నేను లాగలేదు. పిడి దానంతటదే వచ్చి నా డొక్కలో గుచ్చుకుంది.

"అన్నయ్యా, కళ్ళు తెరువు."

తెరిచాడు. రంపం విల్లులా వంగి ఉంది. నా వేళ్ళు గాలిలో ఉన్నాయి.

"నేను పట్టుకోనే లేదు. మరి తోసిందెవరు?"

వాడు నా చేతుల్ని చూశాడు, తన చేతుల్ని చూసుకున్నాడు. ఇంకోసారి వేద్దామన్నాడు. వేశాం. పాట ఎత్తుకున్నాడో లేదో, మళ్ళీ తోపు. కిటికీలోంచి వదిన అంది, "అదా సంగతి. అందుకే కాబోలు ఆయన ఎప్పుడూ ఒక కాలు వెనక్కి వేసి నిలబడేవాడు. మీరు తోసినప్పుడల్లా ఒళ్ళంతా వెనక్కి వాల్చి, రంపం వంగేలోపు లాక్కునేవాడు. అదేదో ఆయన తీరు అనుకున్నాను ఇన్నాళ్ళూ."

అన్నయ్య కర్ర మీద కూలబడ్డాడు. నోరు తెరిచాడు. స్తోత్రం అంటాడనుకున్నాను. ఏమీ రాలేదు. నా ఎరుకలో వాడి నోటికి మాట అందకపోవడం అదే మొదలు.

కాసేపటికి లేచి రంపం భుజాన వేసుకున్నాడు. పెరిగిన గడ్డంతో, ఒంటి నిండా పొట్టుతో వీధిలో నడుస్తుంటే భుజం మీద ఆ రంపం ఊగుతూ ఊళ పెడుతోంది. ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. వెనక నేను, నా చంకలో మీ నాన్న, నా వెనక పొయ్యి ఆర్పకుండా వచ్చేసిన వదిన.

మా ఇంటికి ఇంకా తలుపులు లేవు, కాబట్టి తట్టే పని లేకపోయింది. తాతయ్య నడిమింట్లో కూర్చుని ఉలి నూరుకుంటున్నారు.

"బావా, నేను తోస్తానా?" అన్నాడు అన్నయ్య.

తాతయ్య నా వంక చూశారు. "కొంచెం" అన్నారు.

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచే."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

ఆయన ఉలి అంచుని బొటనవేలితో చూసుకున్నారు. "నువ్వు తోసేది పాటలో ఉన్నప్పుడు. కళ్ళు మూసుకుని నీ దేవుడితో మాట్లాడుకుంటూ ఉంటావు. అప్పుడు మధ్యలో నేనెందుకు దూరడం అనుకున్నాను."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య రంపాన్ని మెల్లిగా గోడకి ఆనించి, ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. "నా ప్రార్థన చెడగొట్టకూడదని ఇన్నేళ్ళు వెనక్కి వాలావా" అన్నాడు.

"నడుం నొప్పికి మందు రాసుకుంటున్నాలే" అన్నారు తాతయ్య.

అప్పుడు నవ్వాం. నలుగురం నవ్వాం. మీ నాన్నకి ఏం అర్థమైందో, వాడూ నవ్వాడు.

"రా బావా" అన్నాడు అన్నయ్య. "కళ్ళు తెరుచుకునే పాడతాను."

ఆ సాయంత్రం నుంచే ఇద్దరూ షెడ్డులో ఉన్నారు. వంకర బల్లల కాళ్ళన్నీ ఊడదీసి మళ్ళీ కోశారు. పని హడావుడిలో ఒక బల్ల మాత్రం అలాగే మిగిలిపోయింది. దాన్ని గోడవారగా వేదిక పక్కన పెట్టి, మీద మంచి గుడ్డ పరిచారు. ఆ గుడ్డ చూసి, అది పెద్దల కోసమనుకుని, ఆదివారం కోటు అయ్యగార్ని తెచ్చి దాని మీద కూర్చోబెట్టారు.

హాలు నిండిపోయింది. తాతయ్య కూడా వచ్చారు. ఎందుకొచ్చారో నాకు తెలుసు, బల్లలు జనం బరువుకి ఎలా ఆగుతున్నాయో చూసుకోవడానికి. ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయనకి అదే వీలు. చివరి వరసలో నేల మీద బోర్లా పడుకుని, తల బల్ల కిందికి పెట్టి కాళ్ళు తడిమి చూసుకుంటున్నారు. కోటు అయ్యగారు ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచారు. ఆ కంటికి ఇది కనిపించింది.

"చూడండి," అని గర్జించారు. "ఒక పాపి సాష్టాంగపడ్డాడు."

జనమంతా వెనక్కి తిరిగారు. కొందరు ఏడ్చారు కూడా. తాతయ్య చెవి మీద పెన్సిలుతో మెల్లిగా బయటికొచ్చారు.

"సహోదరుడా, ప్రభువు నీతో ఏం మాట్లాడాడు?"

తాతయ్య ఇటూ అటూ చూసి, అడిగింది తననే అని రూఢి చేసుకుని, "నాతో ఏమీ అనలేదండి. ఈ బల్ల కాలు మాత్రం బాగా ఆగింది" అన్నారు.

నవ్వు ఆపుకోలేక స్త్రీల సమాజం పెద్దావిడ ఒళ్ళంతా కదిలింది. బల్ల మాత్రం ఊగలేదు. కోటు అయ్యగారి ముఖం ఎర్రబడింది. ఎవరో ఆయన చెవిలో చెప్పారు. ఆయన అన్నయ్య వైపు తిరిగారు.

"ఈయనేనా ఆ అవిశ్వాసి? వేరుపడమని చెప్పాను కదా. ఈ బల్లలు ఈయనతో కలిసి చేశావా?"

ఇన్నేళ్ళుగా పెద్దల ముందు అన్నయ్య ఎదురు మాట్లాడింది లేదు. సంఘంలో మంచి పేరంటే వాడికి ఎంత తీపో నాకు తెలుసు. తాతయ్య తువ్వాలు భుజాన వేసుకుని తలుపువైపు ఒక అడుగు వేశారు. ఆ తలుపు దాటితే మేం ఆ ఊరూ దాటినట్టే.

అన్నయ్య లేచాడు.

"వేరుపడి చూశానండీ" అన్నాడు. "మీరు కూర్చున్నది వేరుపడ్డప్పుడు చేసిన బల్ల."

అయ్యగారు కిందికి చూసుకున్నారు. ఆ కదలికకే బల్ల ఒక పక్కకి ఒరిగింది. పట్టుకోవడానికి అటు వాలితే ఇటు లేచింది.

"ఇలా వచ్చి కలిసి చేసినదాని మీద కూర్చోండి" అన్నాడు అన్నయ్య. "మాట తప్పుగా తీసుకోకండి. ఆయన నమ్మాలని నేను రోజూ అడుగుతాను, చచ్చేదాకా అడుగుతాను. కానీ మా ఇద్దరిలో అవతలివాణ్ణి తోసినవాణ్ణి నేనే."

కోటు అయ్యగారు కాసేపు ఆలోచించారు. ఊగే బల్ల మీద ఎవరూ ఎక్కువసేపు ఆలోచించలేరు. లేచి వచ్చి చివరి వరసలో, సరిగ్గా తాతయ్య వదిలిన చోటే కూర్చున్నారు. మా పాస్టరుగారు "ప్రార్థన చేద్దాం" అన్నారు. ఈసారి అందరికీ అది మంచి ఆలోచనే అనిపించింది.

తాతయ్య తలుపు దగ్గరే నిలబడి, అయ్యేదాకా ఉన్నారు. ఇంటికి వెళుతూ దారిలో, అడక్కుండానే, "ఆ కంపెనీకి రానని కబురు పెట్టాను" అన్నారు. "ఎప్పుడు పెట్టారు?" అంటే, "మీ అన్నయ్య వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్న రోజునే" అన్నారు.

ఆ రోజు నుంచి ఈ రోజుదాకా నేను దేవుణ్ణి అదే అడుగుతున్నాను. ఆయన్ని నీ దగ్గరికి తెచ్చుకో అని. దేవుడికి విసుగు లేదు, నాకూ లేదు.

విన్నావుగా. ఇది గుర్తుపెట్టుకో తల్లీ. నీ పిల్లలకి చెప్పు, నీతో పనిచేసేవాళ్ళకీ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం రెండు పనులు చెయ్యకు. చివర్లో మీ తాతయ్య బాప్తిస్మం తీసుకున్నాడని కలపకు, మా సంఘంలో ఇప్పటికే కొందరు అలా కలిపి చెబుతున్నారు, వినేవాళ్ళకి కన్నీళ్ళొస్తాయని. అలాగే మా అన్నయ్యని వెర్రివాణ్ణి చేసి చెప్పకు, నీ తోటివాళ్ళు నవ్వుతారని. వాడిది నిజమైన భక్తే, ఈయనది నిజమైన మంచితనమే. జరిగింది జరిగినట్టు చెప్పు. ఎక్కడైనా మరిచిపోతే నన్నడుగు. నేను లేకపోతే, లోపలికెళ్ళి ఆయన్నే అడుగు.